పదకొండు మందికి పంపండి

వెంకటసాయి పెళ్లి చెడగొట్టేదాకా పద్మకుమారికి అన్నం సయించేలా లేదు.

తన పెళ్లి చెడి నెల దాటింది. మేనత్త కొడుకు కనకరాజుకి ఎవరో ఆకాశరామన్న మెయిలు కొట్టారు. పద్మ నడవడి మంచిది కాదని, ఎవరితోనో తిరుగుతోందని. లగ్నం పెట్టుకున్నాక మేనత్త మొహం చాటేసింది.

"అక్క నోరు తెరిచి పిల్లనడిగితే కాదన్లేక ఒప్పేసుకున్నాను. ఏటి చేత్తాం, ఇలాగయిపోయింది" అన్నాడు తండ్రి ఈశ్వరరావు. అనకాపల్లి మార్కెట్లో బెల్లం వర్తకుడాయన. "ఇదంతా ఆ నెట్ సెంటర్ వెంకటసాయిగాడి పనేనమ్మా. నువ్వు కాదన్నావని కడుపుమంట."

నిజమే. కాలేజీలో వెంటపడిన వెంకటసాయికి చెప్పు చూపించి పంపింది పద్మే. ఇప్పుడు వాడికి నక్కపల్లి సంబంధం కుదిరింది. తన బతుకు నవ్వులపాలు చేసి వాడు పెళ్లిపీటలెక్కడమా? చచ్చినా జరగనివ్వదు.

పద్మ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతుంది. అప్పటి బ్రౌజర్‌కి ఒక కన్నం ఉందని ఆమెకి తెలుసు. ఒక విండోలో మెయిలు తెరిచి ఉండగా రెండో విండోలో ఇంకో సైటు తెరిస్తే, ఆ సైటు పక్క విండోలోని మెయిళ్లన్నీ కాజేసి తన సొంతదారుకి చేరవేయగలదు. అలాంటి సైటు తయారుచేయడం ఆమెకో లెక్క కాదు. వాడిచేత తెరిపించడమే కష్టం.

దారి ఇంట్లోనే కనిపించింది. నూకాలమ్మ పేరు వింటే నాన్న నడిబజార్లోనైనా చెప్పులు విడిచేస్తాడు. పద్మ సైటులో అమ్మవారి ఫోటో పెట్టి కింద రాసింది: "ఈ మహిమను పదకొండు మందికి పంపండి. పంపనివారికి అరిష్టం."

ఆ లింకు పేరు లేకుండా మెయిల్లో పంపితే వెంకటసాయి తెరిచాడు. అమ్మవారితో పేచీ ఎందుకని, తన సెంటర్‌కి వచ్చే బెల్లం వర్తకులకి పంపేశాడు కూడా.

వాడి మెయిళ్లలో ఆకాశరామన్న ఉత్తరం లేదు. చెరిపేసుంటాడు దొంగవెధవ, అనుకుంది. ఎవరో అమ్మాయికి రాసుకున్న పాత ప్రేమలేఖలు మాత్రం దొరికాయి. వాటిని పేరు లేకుండా నక్కపల్లి వాళ్లకి పంపించింది.

వారం తిరక్కుండా సంబంధం తప్పిపోయింది. వెంకటసాయి సెంటర్‌కి తాళం వేసి ఇంట్లో ముసుగు తన్ని పడుకున్నాడని విని పద్మకి ప్రాణం లేచొచ్చింది. ఆ పూట మారు వడ్డించుకుని మరీ తింది.

"నూకాలమ్మ ఊరుకుంటదేటమ్మా?" అన్నాడు పక్కనే భోంచేస్తున్న ఈశ్వరరావు. "ఆడపిల్ల ఉసురు పోసుకున్నోడు బాగుపడడు."

మర్నాడు చూసుకుంటే వలలో ఇంకొకరు పడి ఉన్నారు. వెంకటసాయి పంపిన వర్తకుల్లో ఎవరో అయ్యుంటారనుకుని, నవ్వుకుంటూ మొదటి మెయిలు తెరిచింది.

"బావా, పద్మ గురించి కింద రాసిన ముక్కలు పేరు లేకుండా మా మేనల్లుడు కనకరాజుకి పంపించు, అక్క మొహం మీద కాదనలేకపోతున్నాను, ఇట్లు నీ ఈశ్వరరావు."