గేరు పడని కారు

ఘాట్ రోడ్డు మధ్యలో కారు గేరు న్యూట్రల్‌లోకి జారిపోయి, బండి ఆగిపోయింది. వెనకసీట్లో ఏసోబు గుండె పట్టుకుని మూలుగుతున్నాడు. అంబులెన్సు కొండెక్కేసరికి గంట పడుతుందన్నారు. షెడ్లన్నీ మూతపడేదాకా మెకానిక్‌గా చేసిన అతని భార్య కరుణమ్మ కారు కిందికి దూరి, గేర్‌బాక్సు దగ్గర తెగిన వైరు అతికించింది.

"అనుమతి లేని చేతులతో రిపేరు జరిగింది. కంపెనీ మనిషి వచ్చేదాకా గేరు పడదు," అంది కారు మెత్తగా.

"మనిషి పోతున్నాడే తల్లీ, ఒక్కసారి గేరు వెయ్యవే!"

"మీ ఇబ్బందికి చింతిస్తున్నాం."

కరుణమ్మ రోడ్డుకి అడ్డం నిలబడి చేతులూపింది. వాటంతటవే నడిచే కార్లు ఆమెను తప్పించుకుని పోయాయి. లోపల జనం నిద్రపోతున్నారు.

"ఇక చాల్లే, వచ్చి కూచో," అన్నాడు ఏసోబు.

కరుణమ్మ అతని తల ఒళ్లో పెట్టుకుంది. కాసేపటికి మూలుగు ఆగిపోయింది.

కంపెనీ మనిషి బయల్దేరాడని కారు చెప్పింది.