ఇంకా ఆకుపచ్చే

"పేరు?" అంది మానస తలెత్తకుండానే.

"వికాస్."

"వయసు?"

"ఇరవై తొమ్మిది."

"పొద్దున లేచినంక మొదటిసారి పట్టిందేనా?"

కౌంటరు మీద గాజు గొట్టం పెట్టిన మనిషి బిత్తరపోయాడు. "అయ్యో, అది నాది కాదు మేడం! చేపలది. అంటే... ఇంకా రాని చేపలది."

రక్తం తీసే నాగరాణి చేతిలో సిరంజి పక్కన పెట్టి మరీ నవ్వింది. జహీరాబాద్ బస్టాండు వెనక ఆ పరీక్షల ల్యాబులో మానస ఆరేళ్లుగా ఎన్నో శాంపిళ్లు చూసింది. రాని చేపల శాంపిల్ మాత్రం ఇదే మొదలు.

వికాస్ ఎదురు సందులో కొత్తగా అద్దెకు దిగాడట. బజార్లో ఏదో కొలువు. ముచ్చటపడి అద్దాల తొట్టి కొన్నాడు. నీళ్లు పోశాడు, ఫిల్టర్ పెట్టాడు. చేపలు మాత్రం వేయలేదు.

"కొత్త నీళ్లల్ల చేపలేస్తె బతకయి మేడం. అందుకే ఖాళీ తొట్లె రోజూ చిటికెడు మేత ఏస్తున్న. అది మురిగి అమ్మోనియా అయితది. దాన్ని తినే బ్యాక్టీరియా మెల్లమెల్లగ తయారైతది. మందు చుక్కలేస్తె నీళ్లు ఆకుపచ్చగుంటె విషమున్నట్టు. పసుపుకొస్తె చేపలెయ్యొచ్చు."

"మరి మీరే చూస్కోవచ్చు గద?"

"నాకు ఆ రెండు రంగులు ఒక్కతీర్గనే కనవడ్తయి మేడం. పుట్టినకాన్నుంచి అంతే. జర మీరు చూసి చెప్తరా?"

మానస మనసు కరిగిపోయింది. గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూసింది. "ఆకుపచ్చే."

"అయితె రేపు మళ్ల వస్త."

వచ్చాడు. మర్నాడూ వచ్చాడు. రోజూ తొమ్మిది కాగానే గొట్టంతో ప్రత్యక్షం. ఒకరోజు కోహీర్ జామకాయలు తెచ్చాడు, ఉప్పూకారం పొట్లంతో సహా. ఇంకొకరోజు రాబోయే చేపలకు పేర్లు పెట్టమన్నాడు. ఇద్దరూ కలిసి ఆరు పేర్లు ఆలోచించారు. వాటిలో నాలుగింటికి తామే పగలబడి నవ్వారు.

తొమ్మిదింటికి తెరిచే ల్యాబుకు మానస ఎనిమిదిన్నరకే రావడం మొదలైంది. అద్దం లేని ఆ ల్యాబులో రక్తం గొట్టాలు తిప్పే సెంట్రిఫ్యూజ్ మెరిసే మూతలో ముఖం చూసుకోవడం కూడా మొదలైంది.

"చేపల్లేని తొట్టికి ఇంత సింగారమా?" అంది నాగరాణి.

"ఊకో అక్కా!" అంది మానస. ఆ సిగ్గు దాచుకోవడం ఆమెకు చేతకాలేదు.

పదిహేడో రోజు గొట్టం చూడగానే ఆమె గుండె గుభేలుమంది. అచ్చమైన పసుపు! చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు.

"ఎట్లున్నది మేడం?"

చేపలు వస్తే ఇక ఈ గొట్టంతో పనేముంది? ఈ మనిషి మళ్లీ ఎందుకొస్తాడు? షుగర్ జర తగ్గించి రాయమ్మా అని బతిమాలిన పెద్దమనుషులకే ఏనాడూ లొంగని మానస, గొంతు సవరించుకుంది.

"ఇంకా... ఆకుపచ్చే."

ఆమె చెవులు వేడెక్కాయి. వికాస్ మాత్రం రవ్వంతైనా దిగులుపడలేదు. "ఫికర్ లేదు మేడం, తొందరేమున్నది?" అని ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు. ఎంత ఓర్పు, ఎంత మంచితనం అనుకుంది మానస.

నీళ్లు రోజురోజుకీ మరింత పసుపు. అబద్ధం రోజురోజుకీ మరింత ఆకుపచ్చ. "నిన్నటికంటే ఇయ్యాల జర ఎక్కువనే ఉన్నది" అని కూడా అనేసిందొకసారి. అతను గంభీరంగా తలూపాడు. అతను వెళ్లాక ఆమె గాల్లో తేలేది, మరుక్షణం నాలుక కరుచుకునేది. ఇంకెవరికైనా ఆ గొట్టం చూపిస్తే? మానస అబద్ధాలకోరని తెలిసిపోతుంది. నిజం చెబితే రావడం మానేస్తాడు. చెప్పకపోతే ఏదో ఒకరోజు అసహ్యించుకుంటాడు. ఆమెకు తిండి సహించడం మానేసింది, కానీ పాటలు మాత్రం ఆగలేదు.

శనివారం అతను గొట్టం అందుకుంటూ నిట్టూర్చాడు. "ఇది అయ్యేటట్టు లేదు మేడం. నీళ్లన్ని పారబోసి, ఫిల్టర్ కడిగి, మళ్ల మొదటికెల్లి షురూ చేస్త. ఇంకో నెల పట్టినా సరే."

"వద్దు!" మానస కేకకు వరసలో కూర్చున్న ముసలాయన ఉలిక్కిపడ్డాడు. "సోమారం దాక ఆగున్రి. సోమారం... నేను మీకొక మాట చెప్పాలె."

అతను ఆమె ముఖంలోకి చూసి, సరేనన్నాడు.

చెప్పేస్తుంది. తప్పు నాదే, మీ తొట్టి పదిరోజుల కిందనే తయారైంది అని చెప్పేస్తుంది. ఆ తర్వాత అతను తిట్టినా పడుతుంది.

ఆదివారం నాగరాణి ఆమెను బజారుకు లాక్కెళ్లింది. తన తమ్ముడి పెళ్లికి కొన్న చీర మీదికి జాకెట్ ముక్క కావాలి. ఊళ్లో మూడు దుకాణాలు తిరిగినా ఆ రంగు దొరకలేదు. చివరికి మహాదేవప్ప మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్లారు. లోపల ఆడవాళ్లు కిక్కిరిసి ఉన్నారు.

"ఫికర్ చెయ్యకున్రి తల్లీ" అన్నాడు మహాదేవప్ప, చీర కొంగును గుంపు మీదుగా లోపలికి అందిస్తూ. "మా మాస్టర్ కన్నువడితె రంగు తప్పదు. న్యాల్‌కల్ నుంచి మొగుడంపల్లి దాక ఆడోళ్లంతా ఆయన కోసమే వస్తరు."

ఆ మాస్టర్ కొంగును ఒక్కసారి చూసి, వెనక నిలువెత్తు పేర్చిన రెండు వందల తానుల్లోంచి సరిగ్గా ఒకదాన్ని లాగి, "ఇది ఉత్త పసుపు గాదక్కా, ఆకుపచ్చ చుక్కంత కలిసిన పసుపు" అంటూ ఇటు తిరిగాడు, వికాస్.