ఏడు ఎర్ర పీలికలు

మరమగ్గాల సాంచాలు నడుస్తుంటేనే ఆ ముసలాయన నడిచేవాడు.

రోజూ వెనక సందు నుంచి వచ్చి విజయ వాళ్ల ఇంటి ముందుగా పోయేవాడు. కరెంటు పోయి మగ్గాల చప్పుడు ఆగితే, తనూ ఉన్నచోటే కొయ్యబారి నిలబడేవాడు. కరెంటు వస్తే మళ్లీ కదిలేవాడు.

కుడిచెయ్యి ఎప్పుడూ జేబులోనే.

"గా జేబుల ఏం దాసిండో. జర పైలం," అంది పక్కవాటా మంజుల.

జాగ్రత్తగా ఉండే తీరిక విజయకు ఎక్కడిది? తల్లి సత్తవ్వకు వణుకు రోగం ముదిరింది. నాలుగేళ్లుగా తినిపించడం, కడగడం, పక్క మీద ఒత్తిగిలించడం, అన్నీ తనే. గడప దగ్గరకు రాగానే తల్లి కాళ్లు నేలకు అతుక్కుపోయేవి. వాకిలి చివర బాత్రూందాకా ఎత్తుకునే పోవాలి.

అలా మోస్తున్నప్పుడల్లా ఆ ముసలాయన ఆగి చూసేవాడు. విజయకు ఒళ్లు మండేది.

ఒక్కోసారి అమ్మ పోతే బాగుండుననిపించేది. అలా అనిపించినందుకు కూర్చుని ఏడ్చేది.

అన్న గోవర్ధన్ ఫోన్లో తేల్చేశాడు.

"నీ నడుము గూడ పోతే ఇద్దరిని ఎవలు జూస్తరు? సోమారం అవ్వను కోరుట్ల ఆశ్రమంల ఇడిసివెడ్దాం."

"ఒక్కతే బాత్రూం దాక నడిస్తె నా తాన్నే ఉంచుకుంట అన్నా."

"నడిస్తె గద."

ఆ మధ్యాహ్నం విజయ గోడకు ఆనుకుని కునుకు తీసింది. సాంచాల చప్పుడు జోకొడుతున్నట్టుంది. ఆ మగతలో అమ్మ కనిపించింది. గడప దాటింది. పంటకాలువలు దాటే చిన్నపిల్లలా ఒక్కో అడుగూ ఎత్తి ఎత్తి వేస్తోంది. ఎంత బాగుందో ఆ కల. విజయ నిద్రలోనే నవ్వుకుంది.

కళ్లు తెరిచింది.

అమ్మ నిజంగానే బాత్రూం తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

గడప నుంచి అక్కడిదాకా నేల మీద అడ్డంగా ఏడు ఎర్ర గుడ్డ పీలికలు, వంకరటింకరగా గంజితో అంటించి ఉన్నాయి. ఆఖరి పీలిక పక్కన ఆ ముసలాయన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

వాకిట్లో ఎర్ర గుడ్డలు. విజయ ఒక్క ఉదుటున లేచింది.

"మా అవ్వకు ఏం మంత్రం జేసినవ్?"

"మంత్రం గాదు బిడ్డా. అడ్డం గీత గనవడితె కాలు లేస్తది. నాకు..."

ఆ తర్వాతి మాటలు ముద్దముద్దగా వచ్చాయి. విజయ వినలేదు.

"లేసి పో. మల్ల గీ వాకిట్ల అడుగు వెట్టకు."

పీలికలన్నీ పీకి, ఉప్పూ ఎండుమిరపకాయలూ వేసి కాల్చేసింది. ఆయన చివరిదాకా చూశాడు. గోడ పట్టుకుని లేచి, సాంచాల చప్పుడుకు అడుగులు కలుపుకుంటూ వెళ్లిపోయాడు.

అమ్మ కాళ్లు మళ్లీ అతుక్కుపోయాయి.

శనివారం, ఆఖరి ఆశగా, తల్లిని జగిత్యాలలో డాక్టరుకు చూపించింది.

"నేల మీద అడ్డంగా గీతలు గీయమ్మా. అవి దాటబోతే కాళ్లు కదులుతాయి. కొందరికి మగ్గాల చప్పుడు లాంటిది విన్నా కదులుతాయి," అన్నాడాయన.

విజయకు తను కాల్చేసిన ఏడు పీలికలు గుర్తొచ్చాయి.

బస్సు దిగగానే తల్లిని మంజులకు అప్పగించి వెనక సందుకు పరిగెత్తింది. అమ్మ ఇక ఎక్కడికీ పోనక్కర్లేదు. ఆ పెద్దాయన కాళ్లు మొక్కాలి.

ఆయన ఇంటి తలుపు తీసే ఉంది. ముందర ఒకావిడ ఊడుస్తోంది.

"ఐలయ్య తాతనా? మొన్న ఇంట్లనే, గడప కాడ పడ్డడు బిడ్డా. నిన్ననే సాగనంపినం."

చీపురు పక్కన పెట్టి ఆవిడే చెప్పుకొచ్చింది.

"పదేండ్లాయె గీ వణుకు రోగం వట్టి. చెయ్యి వణుకుడు గనవడద్దని జేబుల వెట్టుకునేటోడు. ఆయన భార్య సచ్చిపోకముందు చీరె అంచులు గత్తిరిచ్చి ఇల్లంత గంజితోని అతికిచ్చింది. గా గీతలు వట్టుకునే ఇన్నొద్దులు నడిచిండు."

విజయ లోపలికి చూసింది.

మంచం నుంచి పొయ్యిదాకా ఎర్ర పీలికలు తిన్నగా వరుసలో ఉన్నాయి. ఆయన పడిపోయిన గడప దగ్గర మాత్రం పీలికలు లేవు, పీకేసిన చోట ఏడు గంజి మరకలున్నాయి.