ఏ నరసింహులు?

“అన్నా, మీ రైతును పాము కరిచిందంట!”

నంద్యాల టీమ్ నుంచి లూదియా. ఫోన్‌లో గొంతు వణుకుతోంది. ఆళ్లగడ్డ ఆఫీసులో ఎజ్రా నోటి దాకా తెచ్చిన టీ గ్లాసు అలాగే కింద పెట్టేశాడు.

“ఎవరిని? యాడ?”

“పేరు నరసింహులు అన్నాడు. చేన్లో ఒక్కన్నే ఉండానన్నాడు. మీ లైన్ బిజీగా ఉంటే కాల్ మాకొచ్చింది. ఊరు అడిగే లోపలే కట్టయిపోయిందన్నా.”

“నంబరు చెప్పు, నేను చేస్తా.”

“మీ రైతుల నంబర్లు మాకు యాడ కనపడతాయి? స్క్రీన్ మీద అన్నీ చుక్కలే గదా!”

నిజమే. ఇద్దరిదీ ఒకే విత్తనాల కంపెనీ. అయినా నంద్యాల రైతుల వివరాలు నంద్యాల టీమ్‌కే, ఆళ్లగడ్డ రైతుల వివరాలు ఆళ్లగడ్డ టీమ్‌కే. పోయిన ఏడాది ఒకరి రైతులను ఒకరు లాక్కుని, నడిబజార్లో చొక్కాలు చించుకున్నాక కంపెనీ మధ్యలో గోడ కట్టింది. ఒక్క పేరు గోడ దాటినా, దాటించినవాడి ఉద్యోగం ఊడుతుంది.

ఎజ్రా కంప్యూటర్లో ‘నరసింహులు’ అని కొట్టాడు. కిందికి లాగేకొద్దీ నరసింహులే. అహోబిలం స్వామి పక్కనే కొలువున్న సీమ. ఇంటికొకరికైనా ఆయన పేరు పెట్టుకోకుండా ఉండరు.

“ఏ నరసింహులమ్మా? మా పక్క ఆ పేరు పెట్టి పిలిస్తే వీధి వీధంతా పలుకుతాది!”

“నాకేం తెలుసన్నా! ఆయప్ప మాట ముద్దముద్దగా వస్తాండె…” లూదియా ఏడ్చేసింది.

ఎజ్రా 108కు చేశాడు. ఏ ఊరికి రమ్మంటారు అని అడిగారు. కనుక్కుని చెప్తానని పెట్టేశాడు.

వరసగా ఒక్కో నరసింహులుకు ఫోన్ కొట్టడం మొదలుపెట్టాడు.

“నరసింహులన్నా, బాగుండావా? పాము గీము ఏమన్నా…”

“నీ నోట్లో మన్నుబడ! అన్నం తినే పొద్దు ఏం మాటలప్పా అవి?”

తరువాతి నంబరు. ఆయనా బాగున్నాడు. మరొకటి. ఎత్తిన ప్రతివాడూ తిట్టాడు. తిట్టు వినపడిన ప్రతిసారీ ఎజ్రాకు ప్రాణం లేచొచ్చింది. కానీ జాబితా తరగడం లేదు. అవతల ఎవరికో విషం ఎక్కుతోంది.

మళ్లీ లూదియా. “అన్నా, సగం నాకు పంపు. ఇద్దరం చేస్తే బిరీన అవుతాది.”

ఎజ్రా వేలు గాల్లోనే ఆగిపోయింది.

పక్క సీట్లో ముబశ్శిరా తల తిప్పింది. “అన్నా, పంపాకు. రేపు పైవాళ్లు అడిగితే ఏం చెప్తావ్? పిల్లోల్లు గలవాడివి.”

“ఆయప్పకు పిల్లోల్లు లేరా?”

ఎజ్రా వాళ్ల నాయన చేలోనే పాము కరిచి పోయాడు. ఏ చేలో ఉన్నాడో తెలిసేసరికి చీకటి పడింది. ఈ సంగతి రెండు ఆఫీసుల్లోనూ తెలియనివాళ్లు లేరు.

పంపేశాడు. పేర్లు, నంబర్లు, ఊర్లు.

‘ఈయన బాగుండాడు.’ లూదియా నుంచి మెసేజ్. చాలాసేపటికి ఇంకొకటి. ‘ఈయన గూడా.’

ఎజ్రా ఆగలేక ఫోన్ చేశాడు. “ఒక్కొక్కరితో అంతసేపేందమ్మా?”

“పాము అంటానే బెదిరిపోతాండారన్నా. నాలుగు మంచి మాటలు చెప్పి పెడతాండా. నీ సగం గూడా పంపు, నువ్వు ఎత్తనోళ్లను చూసుకో.”

ఈ పిల్ల మనసు మంచిది అనుకున్నాడు ఎజ్రా. మిగతావన్నీ పంపాడు. ముబశ్శిరా నుదురు కొట్టుకుంది.

ఎత్తనివాళ్లు ఒక్కొక్కరే పలికారు. ఒకాయన బండి మీద ఉన్నాడు. ఒకాయన నిద్రపోతున్నాడు. చివరికి ఒక్క నంబరు మిగిలింది. రుద్రవరం దారిలో చేను. ఎన్నిసార్లు చేసినా ఎంగేజ్.

కరిచిన మనిషి ఒంటరిగా పడి, కనపడిన నంబరుకల్లా ఫోన్ చేస్తున్నాడు. ఇతడే.

108కు ఊరి పేరు చెప్పి, బండి తీశాడు. హెల్మెట్ టేబుల్ మీదే ఉండిపోయింది. గుంతలు చూడలేదు, గేదెలు చూడలేదు. ‘ప్రభువా, ఒక్క మనిషి. నా ఉద్యోగం తీసుకో, ఆ మనిషినియ్యి’ అని దారంతా పైకే గొణిగాడు.

చేను వచ్చింది. గట్టు మీద వేపచెట్టు కింద మనిషి వెల్లకిలా పడి ఉన్నాడు. ఫోన్ ఛాతీ మీద ఉంది.

“నరసింహులన్నా!”

కదలిక లేదు. ఎజ్రా చెప్పులు వదిలేసి మళ్లలో పడి పరిగెత్తాడు. మోకాళ్ల మీద కూలబడి ఆ రెండు కాళ్లూ పట్టుకుని, మడమల నుంచి పిక్కల దాకా గాట్ల కోసం తడిమాడు. కళ్ల నీళ్లకు ఏమీ కనపడటం లేదు.

“యాడ కరిచిందన్నా? యాడ? చెప్పు!”

నరసింహులు ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. కళ్లు నులుముకుని ఎజ్రాను గుర్తుపట్టాడు. తన కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

“పామేందప్పా, ఇంతసేపూ మీ నంద్యాల లూదియమ్మతో మాట్లాడి మాట్లాడి ఇప్పుడే కన్నుమూసినా, మందు కొట్టే స్ప్రేయరు ఊరికే ఇస్తానంటే ఈసారి విత్తనాలన్నీ ఆమె కాడనే రాయించినాం, మా ఊరి నరసింహులంతా!”