నరికిన గన్నేరు

వామన్‌రావు ఆబిడ్స్‌లో రేషను బట్టలమ్మే కంట్రోలు దుకాణంలో పనికి అటు వెళ్ళాడో లేదో, ఇటు ముసలమ్మ దిగబడింది.

రోజూ ఇదే వరస. నాంపల్లిలో అతని ఇంటి ముందు గన్నేరు ఏడాది పొడవునా పూస్తుంది. నీళ్ళు పోసినా పూస్తుంది, పోయకున్నా పూస్తుంది. మేకలు కూడా దాని జోలికి రావు. ఈ ముసలమ్మ ఒక్కతే వదలదు.

"దేవునికి జరన్ని ఇడ్సిపెట్టు," అంది వామన్‌రావు భార్య వసుమతి విసుగ్గా.

"ఎన్నో నెల బిడ్డా?"

"నీకెందుకు?"

"పురుడు ఎవరు పోస్తరు?"

వసుమతికి ఒళ్ళు మండిపోయింది. తల్లి లేని పిల్ల. మేనమామ రెండో సంబంధానికి కట్టబెట్టి చేతులు దులుపుకున్నాడు. తొలికాన్పుకు పోవడానికి పుట్టిల్లంటూ లేదు. ఆ దిగులుతో తను చస్తుంటే, ఈవిడొకతె రోజూ అదే అడుగుతుంది.

"పూలకొచ్చినవా, నా సంసారం ఆరా తీయనీకె వచ్చినవా?"

ముసలమ్మ ఏదో చెప్పబోయి, ఒడిలో పూలు సర్దుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే ప్రశ్న.

ఇక వసుమతి వల్ల కాలేదు. కట్టెలు కొట్టే పెంటయ్యను పిలిచి చెట్టును మొదలంటా నరికించింది.

ముసలమ్మ వచ్చి ఆ మొద్దు ముందు చాలాసేపు నిలబడింది. ఆ తర్వాత రాలేదు.

పీడ విరగడైందనుకుంది వసుమతి.

దవాఖానలో కాన్పయింది. ఇంటికొచ్చాక పసిపిల్లకు నీళ్ళు పోయడం ఆమెకు చేతకాలేదు. పిల్ల గుక్కపట్టి ఏడ్చేది. దాంతోపాటు తనూ ఏడ్చేది. చూడలేక పక్కింటి జయమ్మ వచ్చి, పిల్లను కాళ్ళమీద వేసుకుంది.

వాకిట్లో గన్నేరు అప్పటికే గుబురుగా చిగురేసింది.

"గా ముసలామెను ఎందుకు ఎళ్లగొట్టినవ్?" అంది జయమ్మ నీళ్ళు పోస్తూ.

"పూలన్నీ తెంపుకపోతుండె అక్కా. ఎవరామె? ఏడుంటది?"

"ఇంకేడిది. కొడుకుకు బదిలీ అయితే ఔరంగాబాద్ పోయిన్రు."

జయమ్మ పిల్లను తువ్వాలులో చుట్టి వసుమతి చేతికిచ్చింది.

"నేనే చెప్పుకుంట, నువ్వు చెప్పకు అని నా నోరు కట్టేసింది. గా చెట్టు ఆమె బిడ్డ నాటింది. మీ ఆయన మొదటి పెండ్లాం."

వసుమతి తలెత్తలేదు.

"మొదటామె తల్లి అంటే నీకూ తల్లే గద. బిడ్డ పోయినంక గీ గడప తొక్కనన్న మనిషి, నిన్ను పురిటికి తోల్కపోత అని అడగనీకె నోరు రాక, దినాం పూల సాకుతోని వస్తుండె."