పదీ పన్నెండు ముహూర్తం

"హారన్ కొట్టంగానే ఎర్రలైటు పచ్చగైతదా సార్? జర ఆగుండ్రి," అన్నాడు చౌరస్తాలో నిలబడ్డ హోంగార్డు నర్సింగం.

అమరేందర్ కారు అద్దం దించి తల బయటపెట్టాడు. "కొత్తింట్ల పాలు పొంగించే ముహూర్తం పదీ పన్నెండుకు. ఇప్పుడే పదైంది. నీ లైటుకేం తెలుసు ముహూర్తమంటే?"

"ఇంక నలభై సెకండ్లే సార్. అటుపక్కోళ్లు దాటుతున్నరు."

"పోయిన నలభై సెకండ్లు నువ్వు తెచ్చిస్తవా?"

పక్క సీటులో ఆయన భార్య గోదావరి ఒడిలో నరసింహస్వామి పటం పెట్టుకొని కూర్చుంది. పొద్దుటి నుంచి ఆవూ దూడా, పాలగిన్నె, గుమ్మడికాయ అన్నీ గుర్తున్నాయి. పటం ఒక్కటే కిరాయి ఇంటి గోడకు ఉండిపోయింది. దానికోసం మళ్లీ ఊళ్లోకి రావలసి వచ్చింది. అక్కడ రామాయంపేట రోడ్డులో, కొత్త ఇంటి ముందు చుట్టాలంతా ఎదురుచూస్తున్నారు.

ఫోన్ మోగింది. పంతులుగారు. "ఎక్కడున్నరు? పదీ పన్నెండు దాటితే నేనేం చెయ్యలేను. వచ్చేది ఆషాఢం. మళ్ల శ్రావణంలనే చూసుకోవాలె."

"వస్తున్నం పంతులుగారూ, పది నిమిషాల్ల మీ ముందట ఉంటం!"

అంటూనే అమరేందర్ కారు దూకించాడు. లైటు ఇంకా ఎర్రగానే ఉంది. అటునుంచి వస్తున్న ఆటో కీచుమని ఆగింది. నెత్తిన కూరగాయల గంపతో రోడ్డు దాటుతున్న ముసలమ్మ తూలి వెనక్కి జరిగింది. నర్సింగం ఈల వెనక నుంచి వినిపిస్తూనే ఉంది.

"మెల్లగ పోండ్రి. పాపం, ముసలామె ఆగమైంది."

"ఆమెకేమన్న గృహప్రవేశమున్నదా? నువ్వు స్వామిని మంచిగ పట్టుకొని కూసో."

గోదావరి పటాన్ని గుండెకు హత్తుకుంది. మనసులోనే దండం పెట్టుకుంది గానీ ఏమని మొక్కాలో తోచలేదు. వేళకు చేర్చమనా, ఎవరికీ ఏమీ కాకుండా చేర్చమనా? ఈ కారులో కూర్చొని రెండూ అడిగితే స్వామికీ ఇబ్బందే అనిపించింది.

ముందు ట్రాక్టరు అడ్డం వచ్చింది. అమరేందర్ డివైడర్ సందులోంచి అవతలి పక్కకు తిప్పాడు.

"ఇది ఎదురొచ్చేటోళ్ల దారి!"

"వాళ్లే జరుగుతరు తియ్యి."

నిజంగానే జరిగారు. ఒక స్కూటరాయన మట్టిలోకి దిగి ఏదో తిట్టాడు. అమరేందర్ నవ్వి, మరో సందులోంచి మళ్లీ తన దారిలోకి వచ్చాడు. ఊరు దాటాక రోడ్డు ఖాళీ అయింది. స్పీడు ముల్లు తొంభై మీద నిలబడింది.

"పదీ తొమ్మిది. అందుకున్నం పో!" అన్నాడు.

అప్పుడే కంపచెట్లలోంచి ఒక పిల్లి వచ్చి, కారు ముందు నుంచి అడ్డంగా అవతలికి ఉరికింది.

అమరేందర్ బలమంతా పెట్టి బ్రేకు తొక్కాడు. ఎర్రలైటుకు ఆగని కారు, పిల్లికి నడిరోడ్డు మీద ఆగిపోయింది. గోదావరి నుదురు పటం చట్రానికి కొట్టుకుంది.

వెనక నుంచి టైర్ల అరుపు. వెంటనే ధడేలుమని చప్పుడు. వెనక వస్తున్న బైకు కారును తప్పించబోయి, మూలకు తగిలి పడిపోయింది. పడిన బైకూ దాని మీది మనిషీ కారు పక్కనుంచి రోడ్డును రాసుకుంటూ ముందుకు వెళ్లి, ఇరవై గజాల అవతల ఆగారు. హెల్మెట్ తలకే ఉంది. కాలు మాత్రం మోకాలి కింద వేరే పక్కకు తిరిగి ఉంది. చెయ్యి ఒకసారి పైకి లేచి పడిపోయింది.

"అయ్యో దేవుడా! దిగుండ్రి! మనిషి పడ్డడు!" గోదావరి తలుపు తీయబోయింది.

అమరేందర్ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. గడియారం చూశాడు. పదీ పది. పిల్లి దాటిన చోటు చూశాడు. దాని అవతల పడి ఉన్న మనిషిని చూశాడు. బిగుసుకున్న ముఖం మెల్లగా తేటపడింది. పటానికి ఒక నమస్కారం పెట్టి గేరు వేశాడు.

"పిల్లి అడ్డమొచ్చినంక మనమే ముందు పోవద్దు. ఎవరన్న దాటేదాక ఎంతసేపు ఆగాల్నో అని పరేషానైన. ఆయనెవరో దాటిండు గద, ఇగ మనకేం దోషం లేదు."