బోర్డు లేని హోటలు

"బోర్డు లేదు, పేరు లేదు. నేను లోపలికి రాను," అంది భార్య, చంకలోని పాపను ఇంకాస్త పైకి ఎత్తుకుంటూ.

"బోర్డు లేని చోటే అసలు తిండి దొరుకుతుందే. పేటవాళ్లు ఎక్కడ తింటే మనమూ అక్కడే తినాలి. చూడు, లోపల ఉన్నవాళ్లందరూ ఇక్కడివాళ్లే," అన్నాడు భర్త. ఊరు చూడ్డానికొచ్చి ఈ సందులో గది అద్దెకు తీసుకున్నప్పటి నుంచీ అతనిది ఇదే పాట.

ఆమెకు ఊరూ పట్టలేదు, పేటా పట్టలేదు. బయల్దేరిన దగ్గర్నుంచి పాప అన్నం ముట్టలేదు. బిస్కట్ల మీదే బతుకుతోంది. ఈ పూట కూడా తినకపోతే రేపు పొద్దున్నే ఇంటిదారి పట్టాలని, గదిలో బ్యాగు సర్దేసి మరీ వచ్చింది.

ముందుగదిలో నాలుగు టేబుళ్లున్నాయి. ఒకదాని దగ్గర టక్కు చేసుకున్న లావుపాటి మనిషి, ఇంకోదాని దగ్గర పేపరు అడ్డం పెట్టుకున్న బూట్లాయన, మూలన చేతిసంచీతో ఓ ముసలావిడ, ఎవరి మానాన వాళ్లు తింటున్నారు. గల్లాపెట్టె వెనక భుజాన తుండుగుడ్డతో పెద్దాయన కూర్చున్నాడు.

"రండమ్మా, ఆ టేబులు ఖాళీ," అన్నాడు.

భార్య కూర్చుని కంచాన్ని కొంగుతో తుడిచింది. గ్లాసు వాసన చూసింది.

"నీళ్లు కాచినవేనా?" అని వడ్డించే ఆమెను అడిగింది.

"కాచాం, చల్లార్చాం, వడగట్టాం. ఇంకేం చెయ్యమంటారక్కా?"

"అన్నం ఎప్పుడు వండారు?"

"మీరు గుమ్మం దగ్గర పోట్లాడుకుంటున్నప్పుడు."

భార్యకు నమ్మకం కుదరలేదు. పెద్దాయన వైపు తిరిగింది. "మీరూ ఇక్కడి భోజనమే తింటారా బాబాయిగారూ?"

"ఇదే తింటానమ్మా. కాకపోతే కస్టమర్లు తిని లేచాకే. వాళ్లు తినకుండా నేను ముద్ద ముట్టింది లేదు."

"ఏమయ్యా ఓనరూ! పప్పులో ఉప్పేదీ?" లావుపాటి మనిషి గద్దించాడు.

"ఉప్పు టేబులు మీదుంది. కళ్లు మీ మొహం మీదున్నాయి," అన్నాడు పెద్దాయన తొణక్కుండా.

భార్య ముద్ద కలిపి పాప నోటి దగ్గర పెట్టింది. పాప పెదాలు బిగించింది. బతిమాలడం అయింది, బెదిరించడం అయింది, కాకికి పెట్టేస్తాననడమూ అయింది. తల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. తండ్రి కంచంలోంచి తల ఎత్తలేదు.

పెద్దాయన లేచి వచ్చాడు. తల్లిని పట్టించుకోలేదు. తుండుగుడ్డతో పాప ముందు టేబులు తుడిచి, నడుం వంచి, "మేడమ్‌గారికి ఏం కావాలండీ?" అన్నాడు.

పాప వెనక్కి తిరిగి చూసింది. అక్కడ వేరే మేడమ్ ఎవరూ లేరు.

"పెరుగన్నం," అంది.

"ఒకటో టేబులుకి పెరుగన్నం ఒకటి! చిన్న గిన్నె, పెద్ద చెంచా!" అని ఆయన వంటింట్లోకి కేకేశాడు.

గిన్నె వచ్చింది. పాప, తల్లి చెయ్యి నెట్టేసి, ఒళ్లంతా పూసుకుంటూ తనే మొత్తం తినేసింది. "ఇంకోటి!" అని వంటింటి వైపు తనే కేకేసింది.

"చెప్పానా?" అన్నాడు భర్త.

భార్య పాప మూతి తుడుస్తూ పెద్దాయన్ని అడిగింది. "రాత్రికి ఎన్నింటికి తెరుస్తారు బాబాయిగారూ?"

డబ్బులు కట్టి గుమ్మం దిగారో లేదో, వడ్డించే ఆమె వెనకాలే పరిగెత్తుకొచ్చింది. "అక్కా, రాత్రికి నిజంగా వస్తారా?"

భార్య గబుక్కున పాప మొహంలోకి చూసింది. "ఏం? అన్నంలో ఏమైనా పడిందా?"

"అయ్యో, అదేం లేదక్కా. వస్తానంటే చాలు."

లోపల ముసలావిడ సంచీలోంచి డబ్బులు తీసి ఇవ్వబోతోంది. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉంచుకో తల్లీ. రోజూ ఒంటరిగా వస్తావు, ఇంట్లో ఎవరూ లేనట్టుంది," అన్నాడు. ఆవిడ తలూపి, డబ్బులు మళ్లీ సంచీలో వేసుకుంది.

"పాపం, ఆవిడకి ఎవరూ లేరా?" అంది భార్య.

"ఎందుకు లేరక్కా? ఉప్పు కోసం అరిచినాయన పెద్దకొడుకు, పేపరాయన చిన్నకొడుకు, నేను పెద్దకోడల్ని. హోటలు మూసేసి నాలుగేళ్లయింది. ఓనరుగారికి ఆ సంగతి గుర్తుండదు. కస్టమర్లు తింటేగానీ ఆయన తినరు. అందుకని పూటపూటా మేమే తయారై వచ్చి కూర్చుంటాం. మీరు రాత్రికొస్తే మా ఆయన టక్కు విప్పి తింటాడు."

"మరి ఆ ఓనరుగారు ఆవిడకేమవుతారు?"

"భర్త."